కెనడా సెనేట్ చర్చల రికార్డు: ఒక్క సెనేటర్ మాటలు వెతికి పట్టుకోవాలంటే

ఒక సభ్యుడు సభలో ఏం మాట్లాడాడో తేల్చుకోవడానికి పేపర్లో వచ్చిన రెండు ముక్కలు చాలవు. సభ రికార్డే తెరవాలి. కెనడా పార్లమెంటు ఎగువ సభ అయిన సెనేట్ వెబ్‌సైట్‌లో ఆ రికార్డు పైసా ఖర్చు లేకుండా, లాగిన్ గొడవ లేకుండా దొరుకుతుంది. 1996 నుంచి సభ కూర్చున్న ప్రతి రోజుకీ ఇంగ్లిష్‌లో ఒకటి, ఫ్రెంచ్‌లో ఒకటి సంచిక ఉంటుంది. నమ్మకం విషయంలో వంక పెట్టడానికి లేదు. చిక్కంతా అమరికలో ఉంది. ఇది తేదీల వారీగా కట్టిన పుస్తకం, మనుషుల వారీగా కట్టింది కాదు. ఒక సెనేటర్ ఒకే విషయం మీద తొమ్మిదేళ్లు మాట్లాడితే ఆ మాటలన్నీ వందల సంచికల్లో చెల్లాచెదురుగా పడి ఉంటాయి. అయిదు మార్కులకు మూడున్నర ఇవ్వొచ్చు.

ఈ సేవను పరీక్షించడానికి రోమియో డలేర్ కన్నా మంచి ఉదాహరణ లేదు. 1993-94లో రువాండాలో ఐక్యరాజ్య సమితి శాంతి పరిరక్షణ దళానికి ఆయన కమాండర్. నరమేధం సాగుతుండగానే 1994 ఏప్రిల్ 21న భద్రతా మండలి 912వ తీర్మానంతో ఆ దళాన్ని 270 మందికి కుదించమంది. ఆ నరమేధం సాగిన మూడు నెలల్లో దాదాపు 8 లక్షల మంది ప్రాణాలు పోయాయి. 2005 మార్చిలో ప్రధాని పాల్ మార్టిన్ ఆయన్ని సెనేట్‌కు ఎంపిక చేశారు. కెనడాలో సెనేటర్లు ఎన్నిక కారు, నియమితులవుతారు, 75 ఏళ్లు వచ్చేదాకా కొనసాగవచ్చు. డలేర్ 67 ఏళ్ల వయసులో, 2014 జూన్ 17న తప్పుకున్నారు. సూడాన్‌లోని దార్ఫుర్, బాల సైనికులు, మాజీ సైనికుల పింఛన్లు, యుద్ధం మనసుకు చేసే గాయాలు... శాంతి పరిరక్షణ, దేశం లోపలి విధానం రెండూ ఒకే మనిషి మాటల్లో కలిసే చోటు ఇది.

ముందు పేరు. రికార్డులో ఆయన ప్రసంగం మొదలయ్యే చోట 'గౌరవనీయ రోమియో ఆంటోనియస్ డలేర్' అని పూర్తి పేరుతో ఉంటుంది. మధ్యలో లేచి ఒక ప్రశ్న వేసినా, జవాబు చెప్పినా వట్టి 'సెనేటర్ డలేర్' అనే ఉంటుంది. పూర్తి పేరుతో వెతికితే ప్రసంగాలు దొరుకుతాయి, అసలు రంజుగా ఉండే సంవాదం జారిపోతుంది. 'రోమియో' అనే పేరులో ఫ్రెంచ్ అక్షరం నెత్తిన గుర్తు ఉంటుంది కాబట్టి మామూలు కీబోర్డుతో కొడితే ఒక్కోసారి ఫలితమే రాదు. ఇంటిపేరు ఒక్కటే వేయడం మంచిది.

రెండోది సమావేశాల లెక్క. ఒక్కో సాధారణ ఎన్నిక తర్వాత ఏర్పడే పార్లమెంటుకు ఒక వరస సంఖ్య ఉంటుంది, అందులో కొన్ని సమావేశాలు జరుగుతాయి. ఆయన కాలం ఎనిమిది సమావేశాల మీదుగా సాగింది: 38వ పార్లమెంటులో ఒకటి, 39లో రెండు, 40లో మూడు, 41లో రెండు. ప్రతి సంచిక వెబ్ చిరునామాలోనూ ఈ లెక్క దాగి ఉంటుంది. 381 అని కనిపిస్తే 38వ పార్లమెంటు మొదటి సమావేశం, 403 అంటే 40వ పార్లమెంటు మూడోది. దాని తర్వాత సంచిక సంఖ్య, తేదీ, చివర భాష గుర్తు: 'ఈ' అంటే ఇంగ్లిష్, 'ఎఫ్' అంటే ఫ్రెంచ్. సైట్‌లోని వెతుకుడు పెట్టెతో కుస్తీ పట్టే బదులు సమావేశం ఎంచుకుని, తేదీల పట్టిక తెరిచి, ఆ రోజు విషయసూచిక చూసుకుంటూ పోవడమే త్వరగా తెములుతుంది. కెనడా పార్లమెంటు చర్చలకు బాగా పేరున్న ఓపెన్‌పార్లమెంట్ సైట్ ఎన్నికైన దిగువ సభ హౌస్ ఆఫ్ కామన్స్ వరకే. సెనేటర్ల ప్రసంగాల కోసం అక్కడ వెతకడం దండగ.

సంచిక తెరిచాక ఆ మాట ఏ శీర్షిక కింద పడిందో చూడాలి, ఎందుకంటే దాన్ని బట్టే దాని బరువు. మొదట్లో వచ్చే సెనేటర్ల ప్రకటనలు మన రాజ్యసభ జీరో అవర్ లాంటివి, మనిషికి మూడు నిమిషాలు. రువాండా మృతుల స్మరణ లాంటివి ఇక్కడికి వస్తాయి. వాటికి జవాబు ఉండదు, ఓటూ ఉండదు. బిల్లు మీదైతే ప్రవేశపెట్టిన సభ్యుడికి 45 నిమిషాలు, ఎదుటి పక్షం తరఫున మాట్లాడేవారికి 45, మిగతా సభ్యులకు సాధారణంగా 15. సమయం అయిపోతే సభ అనుమతితో మరో అయిదు నిమిషాలు అడుగుతారు. రికార్డులో ఆ మాట కనిపిస్తే ప్రసంగం ఆగిందనుకుని పేజీ మూసేయకండి, దాని కిందే మిగతాది ఉంటుంది. 'ఎంక్వయిరీ' అనేది మరో పద్ధతి: ఒక విషయాన్ని సభ దృష్టికి తెచ్చి చర్చ నడపడం, చివర్లో ఓటు ఉండదు. ఎవరో ఒకరు చర్చను తమ పేరు మీద వాయిదా వేయిస్తారు, మళ్లీ ఎన్నో రోజులకు అది పైకి వస్తుంది. పదిహేను సమావేశ దినాలు ఎవరూ ముట్టకపోతే జాబితాలోంచి రాలిపోతుంది. ఒక చర్చలో మొదటి ప్రసంగం చదివి 'ఎవరూ స్పందించలేదు' అని రాసేవాళ్లు చేసే పొరపాటు ఇక్కడే.

బిల్లుల దగ్గర ఈ రికార్డు ఎంత మోసం చేయగలదో చెప్పడానికి క్లస్టర్ బాంబుల చట్టం ఒక్కటి చాలు. చిన్న చిన్న బాంబులను వెదజల్లే ఈ ఆయుధాన్ని నిషేధించే అంతర్జాతీయ ఒప్పందాన్ని కెనడాలో అమలు చేయడానికి తెచ్చిన చట్టం అది. 2012లో అది ఎస్-10 పేరుతో సెనేట్‌లోనే పుట్టింది. అందులో 11వ క్లాజు మీదే పోట్లాటంతా. ఆ ఒప్పందంలో చేరని దేశంతో, ముఖ్యంగా అమెరికాతో, కలిసి పనిచేసే కెనడా సైనికులకు అది మినహాయింపులు ఇచ్చింది. అమాయకుల కాళ్లూ చేతులూ తెగ్గొట్టే ఆయుధాన్ని నిషేధిస్తూనే వెనక తలుపు తెరిచి ఉంచడమేమిటని డలేర్ అభ్యంతరం. ఆ సమావేశం ముగిసి కొత్తది మొదలయ్యాక అదే బిల్లు కామన్స్‌లో సీ-6గా తిరిగొచ్చింది. అక్కడ కమిటీలో 11వ క్లాజులోంచి 'వాడటం' అనే ఒక్క మాట తీసేశారు. 2014 నవంబరులో చట్టమయ్యే నాటికి డలేర్ సభలో లేరు. సీ-6 అని వెతికినవారికి ఆయన చేసిన అసలు వాదన దొరకదు. ఎస్-10 ఒక్కటే చదివినవారికి ఆ మాట తొలగిన సంగతి తెలియదు. అందుకే బిల్లు పని పట్టుకున్నప్పుడు ముందు పార్లమెంటు వారి లెజిస్‌ఇన్ఫో పేజీలో బిల్లు చరిత్ర చూసి, పాత నంబరు, కొత్త నంబరు రెండూ కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే చర్చల సంచికలకు రావాలి. రికార్డు సేవ ఈ రెండు నంబర్లనూ తానే ముడివేసి చూపాల్సింది. చూపదు. ఒక మార్కు పోయింది ఇక్కడే.

మాజీ సైనికుల చట్టం కథ ఇంకా లోతైనది. 2005 మేలో సీ-45 ఉభయ సభలనూ రోజుల వ్యవధిలో దాటేసింది. డలేర్ సభలో అడుగుపెట్టి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. గాయపడిన సైనికుడికి జీవితాంతం నెలనెలా వచ్చే పింఛను బదులు ఒకేసారి పెద్ద మొత్తం ఇవ్వడం ఆ చట్టంలో గుండెకాయ. 2006 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చినప్పుడు గరిష్ఠ మొత్తం 2,50,000 డాలర్లు. ఇరవై రెండేళ్ల కుర్రాడికి, అదీ మనసు చెదిరిన స్థితిలో ఉన్నవాడికి, అంత డబ్బు ఒక్కసారి చేతికిస్తే ఏమవుతుందన్నది తర్వాతి సంవత్సరాల పెద్ద ప్రశ్న. నెలవారీ పింఛను దారి మళ్లీ తెరుచుకోవడానికి 2019 ఏప్రిల్ దాకా పట్టింది. ఈ ప్రశ్నను తవ్విన చోటు సభ కాదు, మాజీ సైనికుల వ్యవహారాల ఉపసంఘం. దానికి డలేర్ అధ్యక్షత కూడా వహించారు. సెనేట్ చర్చల సంచికల్లో ఉపసంఘం మాటలు ఒక్కటీ ఉండవు. కమిటీల విభాగంలోకి వెళ్లి, జాతీయ భద్రత, రక్షణ కమిటీ కింద ఉన్న ఉపసంఘాన్ని విడిగా తెరవాలి. అందులోనూ 'మినిట్స్' అంటే తీర్మానాల పొడి జాబితా, 'ఎవిడెన్స్' అంటే మాటల పూర్తి పాఠం. రెండోదే కావాలి. డలేర్ ప్రసంగాల కన్నా ఆయన సాక్షులను అడిగిన ప్రశ్నలే పదునైనవన్నది అది చదివినవారికి అర్థమవుతుంది. సైనికుల లెక్కలు, వైద్యుల సంఖ్య, ఫైలు ఎన్ని బల్లలు దాటాలి అని అడిగే మనిషి సభలో కన్నా ఆ గదిలో స్పష్టంగా కనిపిస్తాడు.

ప్రశ్నోత్తరాలది వేరే తిప్పలు. ప్రభుత్వ పక్ష నాయకుడు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోతే 'తెలుసుకుని చెబుతా' అంటారు. ఆ జవాబు వారాల తర్వాత 'ఆలస్యంగా వచ్చిన జవాబులు' అనే శీర్షిక కింద వేరే సంచికలో పడుతుంది. అందులో ప్రశ్న ఏ తేదీన వేశారో రాసి ఉంటుంది కానీ ప్రశ్న ఉన్న పేజీలో జవాబు జాడ ఉండదు. కాబట్టి ప్రశ్న చదివాక ఆ తర్వాతి రెండు మూడు నెలల విషయసూచికల్లో ఆ శీర్షిక ఉందేమో చూడాలి. శ్రమే, కానీ శాంతి దళాలకు ఎంతమందిని పంపారు, ఎన్ని వాహనాలు ఇచ్చారు వంటి గట్టి అంకెలు చాలాసార్లు ఈ ఆలస్యపు జవాబుల్లోనే ఉంటాయి.

భాష గురించి ఒక హెచ్చరిక. డలేర్ ఒకే ప్రసంగంలో ఇంగ్లిష్ నుంచి ఫ్రెంచ్‌కు, మళ్లీ ఇంగ్లిష్‌కు మారేవారు. ఇంగ్లిష్ సంచికలో ఫ్రెంచ్ భాగం ముందు చదరపు బ్రాకెట్లలో 'అనువాదం' అని, మళ్లీ ఇంగ్లిష్ మొదలైన చోట 'ఇంగ్లిష్' అని చిన్న గుర్తు వేస్తారు. ఆ గుర్తు కంటికి ఆనదు. దాని కింద ఉన్న వాక్యాన్ని ఆయన మాటగా కొటేషన్లో పెడితే అది అనువాదకుడి వాక్యం. ఫ్రెంచ్ సంచిక తెరిచి సరిచూసుకోవాలి, లేదా 'అనువాదం' అని పక్కన రాయాలి. రాజ్యసభలో తెలుగులో మాట్లాడిన సభ్యుల ప్రసంగాలను ఇంగ్లిష్ అనువాదంలో చదివినవారికి ఈ నష్టం బాగా తెలుసు: వేడి పోయి విషయం మిగులుతుంది. కెనడా రికార్డులో రెండు భాషల సంచికలూ పక్కపక్కన దొరుకుతాయి కాబట్టి మూలం చూసుకునే వీలైనా ఉంది. ఈ ఒక్క ఏర్పాటుకే పూర్తి మార్కులు వేయాలి.

డలేర్ సభా ప్రసంగాల వీడియో కోసం వెతకడం వృథా. సెనేట్ సభ టీవీలో ప్రసారం కావడం 2019 మార్చిలో, కొత్త భవనానికి మారాకే మొదలైంది. అంతకు ముందు కమిటీలవి కొన్ని ప్రసారమయ్యేవి. సభలో మాటకు అక్షరమే ఆధారం. పేజీ మధ్యలో బ్రాకెట్లలో 1410, 1420 అని వచ్చే అంకెలు గడియారం గుర్తులు, మధ్యాహ్నం 2.10, 2.20 అని. రెండు గుర్తుల మధ్య ఎంత మాట్లాడారో చూస్తే ప్రసంగం నిడివి తేలిపోతుంది. పీడీఎఫ్ రెండు వరుసలుగా అచ్చవుతుంది. అందులోంచి కాపీ చేస్తే పక్క వరుసలోని మాట వచ్చి అతుక్కుంటుంది. మాటలు వెబ్ పేజీ నుంచి తీసుకుని, పేజీ సంఖ్య కోసం మాత్రమే పీడీఎఫ్ తెరవండి. ఉటంకించేటప్పుడు పార్లమెంటు, సమావేశం, సంపుటి, సంచిక, తేదీ, పేజీ ఆరూ రాయాలి. ఏడాది ఒక్కటే రాస్తే 2013 వంటి సంవత్సరంలో రెండు సమావేశాలు ఉన్నాయి, సంచిక సంఖ్య మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది, చదివేవారికి ఆ పేజీ దొరకదు.