పోకర్‌కు తొలి పాఠం: ఐదు ముక్కల డ్రా మేలా, టెక్సాస్ హోల్డెమ్ మేలా?

సంక్రాంతి సెలవుల్లో విజయవాడ ఇళ్లలో పగలు పదమూడు ముక్కల రమ్మీ, రాత్రి మూడు ముక్కలాట సాగడం కొత్త కాదు. ఈ రెండూ వచ్చిన మా మేనల్లుళ్లు పోకర్ నేర్పమని అడిగినప్పుడు నేను డ్రా పద్ధతినీ, హోల్డెమ్‌నూ రెండింటినీ ఆడించి చూశాను.

డ్రాలో ఒక్కొక్కరికి ఐదు ముక్కలు పంచుతారు. ఒక విడత పందెం అయ్యాక అక్కరలేని ముక్కలను పారేసి అన్నే కొత్తవి తీసుకుంటారు. మరో విడత పందెం వేసి, చేతులు, అంటే ఎవరి ఐదు ముక్కలు వారు, విప్పుతారు. రమ్మీ అలవాటున్నవారికి ఇది అరగంటలో పట్టుబడుతుంది. ఏ చేతికి ఎంత విలువో నేర్వడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. అయితే మూడు ముక్కలాట నుంచి వచ్చినవారు ఒకచోట తప్పక తడబడతారు. అక్కడ కలర్ (అన్నీ ఒకే గుర్తు ముక్కలు) కంటే సీక్వెన్స్ (వరుస ముక్కలు) పెద్దది. పోకర్‌లో సీక్వెన్స్ కంటే కలర్ పెద్దది. మూడు ముక్కల్లో సీక్వెన్సులు 720, కలర్లు 1,096 రకాలుగా రాగలవు. ఐదు ముక్కలకు వచ్చేసరికి సీక్వెన్సులు 10,200, కలర్లు 5,108 అవుతాయి. అరుదుగా వచ్చేదానికే విలువ ఎక్కువ గనుక వరుస తిరగబడింది. ఈ కారణం చెప్పాక మా పిల్లలు మళ్లీ పొరబడలేదు.

డ్రాలోని లోటు ఏమిటంటే, ఎదుటివారు ఎన్ని ముక్కలు మార్చుకున్నారన్నది, ఎంత పందెం వేశారన్నది తప్ప వారి చేతి గురించి తెలిసేది ఏమీ ఉండదు. హోల్డెమ్‌లో చేతికి రెండే ముక్కలు వస్తాయి; నడుమ మొదట మూడు, తరువాత ఒకటి, చివరకు మరొకటి అందరికీ ఉమ్మడిగా పరుస్తారు. పందెం నాలుగు విడతలు. కళ్లెదుట ఉన్న ముక్కలే లెక్కకు ఆధారం కావడం దీని గొప్ప. చేతిలో రెండు, నడుమ పరిచిన మొదటి మూడింటిలో రెండు ఆఠీన్లు ఉన్నాయనుకుందాం; మరొకటి పడితే కలర్. కనబడని 47 ముక్కల్లో ఆఠీన్లు తొమ్మిది. తరువాతి ముక్క ఆఠీను అయ్యే అవకాశం సుమారు 19 శాతం, అంటే ఇంచుమించు ఐదింట ఒకటి; కాబట్టి వేసేదానికి నాలుగింతలకు పైగా నడుమ పోగై ఉంటేనే వేయడం లాభం. నడుమ పందెంగా 60 చింతపిక్కలు పోగై, ఆటలో నిలవడానికి 10 వేయవలసి వస్తే వేయవచ్చు. 40 పోగైనచోట 20 అడిగితే ఆ ఒక్క ముక్క కోసం వేయడం నష్టం. పోకర్ అంటే ఈ లెక్కే కనుక నా ఓటు హోల్డెమ్‌కే. చేతుల విలువల కోసం ఒక్క సాయంత్రం డ్రాకు కేటాయిస్తే చాలు.

హోల్డెమ్‌లో కొత్తవారు ఏ రెండు ముక్కలు వచ్చినా వదలరు. నడుమ పడిన జత అందరిదీ అన్న సంగతి మరచిపోతారు. అందుకే మొదటి పది ఆటలు అందరి ముక్కలూ విప్పి ఉంచి, ప్రతి విడతలో ఎవరు ముందున్నారో చెప్పించాలి.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పోకర్‌ను ఆంధ్రప్రదేశ్ 2020లోనూ, కేంద్రం 2025లోనూ చట్టం చేసి నిషేధించాయి. నేర్వడానికి చింతపిక్కలు చాలు. కాకపోతే మనిషికి వందే ఇచ్చి, అయిపోయినవారికి ఆ పూట మళ్లీ ఇవ్వకూడదు. అడిగినప్పుడల్లా పిక్కలు దొరికే చోట ఎవరూ ముక్కలు వదలడం నేర్చుకోరు.