చదివి వినిపించే పెన్ను: పద్నాలుగు నెలలు వాడాక

పెన్ను పొడవెంత, ఛార్జింగ్ ఎంతసేపు నిలుస్తుంది, ఎన్ని గొంతులున్నాయి, ఇవన్నీ అమ్మేవాళ్ళ పేజీలోనే దొరుకుతాయి. నేను రాసేది చాలావరకు ఒక్క 'నాట్' అనే చిన్న ఇంగ్లీషు మాట గురించి.

మా తమ్ముడు సివిల్ ఇంజనీరింగ్. సెకండియర్ అయ్యేసరికి నాలుగు సబ్జెక్టులు పోయాయి. వైవాలో, అంటే నోటి పరీక్షలో, అడిగిందల్లా చెప్పేవాడికి పేపర్ మీద మార్కులెందుకు రావట్లేదని వాళ్ళ సర్ ఒకాయనకి అనుమానం వచ్చింది. ఒకసారి చూపించమన్నారు. సికింద్రాబాద్‌లో ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గర మూడు సిట్టింగుల తర్వాత తేలింది, డిస్లెక్సియా అని. అంటే తెలివితో సంబంధం లేకుండా, అక్షరాలు చదవడంలోనే ఉండే ఇబ్బంది. అప్పటికి వాడికి పంతొమ్మిదేళ్ళు.

"ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది?" అంది అమ్మ. కొత్తగా వచ్చిందేమీ కాదు. టెన్త్ దాకా వాడి పాఠాలన్నీ అమ్మే చదివి వినిపించింది, ఆ సంగతి ఆవిడకే గుర్తులేదు. ఇంటర్ హాస్టల్లో స్టడీ అవర్‌లో పక్క మంచం అబ్బాయి పైకి చదువుతుంటే వీడు విని పట్టేసేవాడు. బీటెక్‌లో ఎవరి ఇయర్‌ఫోన్లు వాళ్ళవి. చదివి పెట్టేవాళ్ళు లేకపోయేసరికి బయటపడింది. నాన్న రిపోర్టు మడతపెట్టి, చిన్నప్పుడు ట్యూషన్ మాస్టారు వీణ్ణి కొడితే "ఇంకో రెండు వేయండి" అన్నది తనేనని ఎవరూ అడక్కుండానే చెప్పారు.

నా దసరా బోనస్‌లో 17,500 పెట్టి ఈ పెన్ను కొన్నాను. అచ్చు అక్షరాల మీద గీత గీసినట్టు జరిపితే, మొనలో ఉన్న చిన్న కెమెరా లైన్‌ని పట్టుకుని, గుర్తుపట్టి, చెవిలో చదువుతుంది.

మొదటి మూడు వారాలు డబ్బులు దండగనుకున్నాం. లైన్ మీద జరిపితే అర్థంలేని ముక్కలు చదివేది. వాడు కూడా "నేనే సరిగ్గా గీయట్లేదేమోలే అక్కా" అని పెట్టెలో పెట్టేశాడు. తప్పు ఎక్కడ జరిగినా తనదే అనుకోవడం వాడికి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఒక ఆదివారం వీడియో కాల్‌లో చూస్తే నాకు వెలిగింది, వాడిది పుర్రచెయ్యి! సెట్టింగ్స్‌లో అడుగున ఎడమచేతి వాళ్ళకి విడిగా ఒక మీట ఉంది. అది మారిస్తే సరిపోయింది.

సంక్రాంతి సెలవులకి ఇంటికొచ్చాడు. ముందర ఆర్‌సీసీ డిజైన్ (ఇనుము వేసి కట్టే కాంక్రీటు) పరీక్ష ఉంది. ఆ పరీక్షకి ఐఎస్ 456 అనే కాంక్రీటు నియమాల కోడ్‌బుక్ హాల్లోకి తీసుకెళ్ళనిస్తారు. పుస్తకం చూసి రాసే పరీక్షలో ఫెయిలవడమేంటని మా బంధువులు నవ్వుతారు గానీ, చదవలేనివాడి చేతిలో పుస్తకం ఉంటే ఎంత, లేకపోతే ఎంత. డైనింగ్ టేబుల్ మీద బీముల క్లాజు తీసి, పెన్ను జరిపాడు. ఆగాడు. మళ్ళీ వెనక్కొచ్చి అదే లైన్ మీద జరిపాడు. మూడోసారి కూడా. ఇయర్‌ఫోన్ తీసి నా చెవిలో పెట్టాడు. "షల్ నాట్ ఎక్సీడ్ జీరో పాయింట్ జీరో ఫోర్..."

"అక్కా, ఇక్కడ నాట్ ఉంది."

బీములో తన్యత వైపు, అంటే సాగే వైపు, వేసే ఇనుము గరిష్ఠంగా 0.04 బీడీ (బీము వెడల్పు, లోతు గుణిస్తే వచ్చేదాంట్లో నాలుగు శాతం) దాటకూడదు, అక్కడున్నది అదే. 'రీఇన్‌ఫోర్స్‌మెంట్' అన్నంత పొడుగు మాట వాడికి కష్టం కాదు. దాని ఆకారం తెలుసు, సైట్‌లో ఆ ఇనుమూ తెలుసు. మాయమైపోయేవి చిన్నవి: నాట్, అన్‌లెస్, లెస్ దేన్. బొమ్మలా గుర్తుపెట్టుకోవడానికి వాటికి ఆకారం ఉండదు. తెలుగులో అయితే వత్తులు మింగేసేవాడు. వాటికి ఎర్ర ఇంకుతో "అశ్రద్ధ" అని రాసేవాళ్ళు.

ఆ సాయంత్రం పాత మిడ్ పేపర్ల కట్ట అటకమీంచి దింపించాడు. పెన్ను ప్రశ్నల మీద జరుపుతూ కూర్చున్నాడు. ఒకచోట 'వితౌట్' అని అడిగితే 'విత్' అనుకుని మూడు పేజీలు రాశాడు. లెక్క తప్పు కాదు, వేరే ప్రశ్నకి జవాబు. అలాంటివి ఆ కట్టలోనే ఐదు దొరికాయి. ఒక్కో పేపరూ విడిగా పక్కన పెట్టాడు, పేకాటలో ముక్కలు పేర్చినట్టు. అమ్మ వంటింట్లోంచి రెండుసార్లు భోజనానికి పిలిచింది. ఎవరం లేవలేదు.

ఆ పండగకి ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ పెన్ను గురించి చెప్పాను. మా పిన్నితో "కళ్ళు మూసుకుని కొనేయ్" అన్నాను కూడా. ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

మొదటిది, మన కాలేజీల్లో చదువంతా జిరాక్సుల మీద నడుస్తుంది. టాపర్ చేతిరాత నోట్స్‌కి జిరాక్స్, ఆ జిరాక్స్‌కి ఇంకో జిరాక్స్. చేతిరాత ముందు ఈ పెన్ను పూర్తిగా చేతులెత్తేస్తుంది. గ్రీకు అక్షరాలు, పైనా కిందా చిన్న అంకెలుండే సూత్రాలు వస్తే ఏదేదో గొణుగుతుంది. తెలుగు అసలే రాదు.

రెండోది, మార్చిలో మిడ్ ఎగ్జామ్. హాల్ మాస్టారికి ముందే చెప్పమని వాడికి చెప్పాను. చెప్పాడట, కానీ చెప్పింది ఒకరికి, ఆ రోజు డ్యూటీకొచ్చింది ఇంకొకరు. వీడు ఇయర్‌ఫోన్ పెట్టుకుని మొదటి ప్రశ్న మీద పెన్ను జరిపాడు. దాని చిన్న తెర వెలిగింది. అంతే, పెన్ను, పేపరు రెండూ లాగేసుకుని వరండాలో నిలబెట్టారు. కాపీ అన్నారు. తొంభై నిమిషాల పరీక్షలో నలభై నిమిషాలు అక్కడే పోయాయి. క్లాసంతా కిటికీలోంచి చూసింది. అప్పటిదాకా వాడి సంగతి క్లాసులో ఎవరికీ తెలియదు, అలా తెలిసింది. ఆ రాత్రి ఫోన్‌లో వాడు మార్కుల గురించి ఒక్క మాట మాట్లాడలేదు. "ఇయర్‌ఫోన్ అందరి ముందూ లాగారక్కా" అని మాత్రం రెండుసార్లు అన్నాడు.

నాకు ఎంత ఒళ్ళు మండినా, తప్పులో నా వాటా ఉంది. వస్తువు కొని, కాగితం సంగతి వదిలేశాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఇలాంటి అభ్యాస లోపాలు కూడా ఉన్నాయి. కేంద్రం 2018లో ఇచ్చిన పరీక్షల మార్గదర్శకాల్లో జవాబులు రాసిపెట్టే స్క్రైబ్, ప్రశ్నలు చదివి పెట్టే రీడర్, గంటకి కనీసం 20 నిమిషాల అదనపు సమయం అని ఉండేది. మూడు గంటల పరీక్షకి అది ఒక గంట. హాల్లోకి అనుమతించే పరికరాల్లో మాట్లాడే కాలిక్యులేటర్, అబాకస్ లాంటివి రాశారు, చదివే పెన్ను ఊసు అప్పట్లో లేదు. పరీక్షల కోసమే నిఘంటువు, మెమరీ లేకుండా చేసిన పెన్నులు బయటి దేశాల్లో ఉన్నాయి, మాది ఆ రకం కాదు. కాబట్టి ఆ రోజు హాల్లో ఆయన పెన్ను తీసుకోవడం తప్పనలేను. వరండాలో నిలబెట్టడం మాత్రం తప్పే.

సైకాలజిస్టు రిపోర్టు ఒక్కటీ చాలదు. ప్రభుత్వ మెడికల్ బోర్డు సర్టిఫికెట్ కోసం ముందు పేరు నమోదు, తర్వాత స్లాట్, తర్వాత మళ్ళీ పరీక్షలు. నాలుగు నెలలు, నా ఆరు సెలవులు ఖర్చయ్యాయి. సర్టిఫికెట్‌లో వైకల్యం నలభై శాతం లోపు వస్తుందేమోనని భయపడి వెళ్ళడం మానేసేవాళ్ళుంటారు. రాయడంలో ఇబ్బంది ఉంటే, నలభై లోపున్నా స్క్రైబ్‌ని, అదనపు సమయాన్ని అడగొచ్చని 2022 ఆగస్టులో విడిగా మార్గదర్శకాలు వచ్చాయి. రిజర్వేషన్ సంగతి వేరు.

ఇప్పుడు ఫైనల్ ఇయర్. పరీక్షల్లో రీడర్, అదనపు గంట. రోజువారీ చదువుకి వాడు ఎక్కువగా ఫోనే వాడుతున్నాడు: పేజీ ఫోటో తీస్తే, పైసా ఖర్చు లేకుండా అది మొత్తం చదివేస్తుంది. పెన్ను బయటికి తీసేది కోడ్‌బుక్‌కి, ల్యాబ్ మాన్యువల్‌కి, పాత ప్రశ్నపత్రాలకి. రోజుకి పావుగంట ఉంటుందేమో. ఫోన్ ఉండగా ఇదెందుకు అని నేనే అడిగాను. ఫోన్ గబగబా చదువుకుంటూ పోతుందట, పెన్ను మాత్రం తన చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతుందట. నాట్ దొరికింది కూడా అలా ఆగబట్టే అంటాడు.

కొనమంటానా? మీ పిల్లలు అచ్చు పుస్తకాలు ఇంగ్లీషులో చదివేవాళ్ళయితే, డబ్బుకి మరీ ఇబ్బంది లేకపోతే, సర్టిఫికెట్ పని ముందు మొదలుపెట్టేసి ఉంటే, కొనొచ్చు. నాకు బోనస్ వచ్చింది, పెళ్ళి కాలేదు, ఇంటి లోను లేదు. ఇవి మారితే నా మాటా మారుతుంది. చదవడం కన్నా రాయడమే అసలు ఇబ్బంది అయితే దీనితో పని లేదు. ముందు ఫోన్‌తో రెండు నెలలు నెట్టుకొచ్చి చూడండి. కొట్టుకి వెళ్తే వాళ్ళిచ్చే నున్నటి కాగితం మీద కాకుండా మీవాడి జిరాక్స్ ఒకటి పట్టుకెళ్ళి జరిపి చూడండి. మా పిన్నికి కూడా ఫోన్ చేసి ఇదే చెప్పాను. అప్పటికే కొనేసింది.

పోయిన సెమిస్టర్ ప్రశ్నపత్రం మావాడు ఇంటికి తెచ్చాడు. రీడర్ చదువుతుంటే వాడు పెన్సిల్‌తో నాట్‌లన్నిటి చుట్టూ సున్నాలు చుట్టాడు. పైన 'నోట్' అన్న మాట చుట్టూ కూడా ఒకటి ఉంది.