అమ్మమ్మ క్యాసెట్టుకు మూడు సాఫ్ట్‌వేర్లు
అమ్మమ్మ పాటల క్యాసెట్టును బాగుచేయడానికి మొదట ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ తెరిచాను. ఉచితం. పాటకు ముందున్న అర సెకను ఖాళీ హోరును నమూనాగా చూపితే, రికార్డింగు అంతటా దాన్ని తగ్గిస్తుంది. ఆశకొద్దీ తగ్గింపును 24 డెసిబెళ్లకు పెట్టాను. అమ్మమ్మ నీళ్లలో మునిగి పాడుతున్నట్టు వినిపించింది. తప్పు నాదే. 6 దగ్గర ఆపితే కాస్త హోరు మిగిలింది గానీ గొంతు గొంతులా ఉంది.

రెండో చరణంలో ఎవరో దగ్గారు (మామయ్యే అని నా అనుమానం). ఐజోటోప్ ఆర్‌ఎక్స్‌లో శబ్దం బొమ్మలా కనబడుతుంది కనుక ఆ దగ్గును మరక తుడిచినట్టు తుడిచేశాను. ఖరీదైనది, ఒక్క క్యాసెట్టు కోసం కొనమని చెప్పను.

తంబురా శ్రుతి చేర్చి మిక్సింగ్ చేయడానికి మాత్రం రీపర్ హాయిగా ఉంది. 60 రోజులు డబ్బు కట్టకుండా వాడి చూడవచ్చు.