సోలనాయిడ్ వాల్వ్ కొసనున్న ఆ చిన్న పిన్ను

మా హైడ్రాలిక్ ప్రెస్‌కి ఉన్న, ఆయిల్ ఎటు పోవాలో మార్చే డైరెక్షనల్ వాల్వ్ ఎలా ఉందని ఎవరడిగినా నేను ముందు చెప్పేది దాని కొసనున్న ఇత్తడి పిన్ను గురించే. కాయిల్‌ని (కరెంటుతో అయస్కాంతమయ్యే తీగచుట్టని) బిగించే నట్టు మధ్యలో, అగ్గిపుల్ల తలంత కనిపిస్తుంది. మాన్యువల్ ఓవర్‌రైడ్ అంటారు. ఏళ్ల తరబడి వాడాక ఈ వాల్వ్ మీద నాకు కలిగిన ఇష్టంలో పెద్ద వాటా దానిదే.

మాది ఆరో సైజు, నాలుగు పోర్టులు (ఆయిల్ వచ్చిపోయే రంధ్రాలు), మూడు పొజిషన్లు, 24 వోల్టుల డీసీ కాయిల్స్. కాయిల్‌కి కరెంటు అందితే దాని లోపలి ఇనుప ముక్క, అంటే ఆర్మేచర్, స్పూల్‌ని (వాల్వ్‌లో అటూ ఇటూ జారే కడ్డీని) నెడుతుంది, ఆయిల్ దారి మారుతుంది. కరెంటు ఆగితే స్ప్రింగులు స్పూల్‌ని మధ్యకు తెస్తాయి. కరెంటుతో పని లేకుండా అదే స్పూల్‌ని మన చేత్తో నెట్టేది ఈ పిన్ను. అందుకే తప్పు కరెంటు వైపుందా, ఆయిల్ వైపుందా అన్నది ఒక్క నొక్కుతో తేలిపోతుంది.

దాని విలువ నాకు బాగా తెలిసొచ్చింది ఒక బ్రేక్‌డౌన్‌లో. రామ్ (ప్రెస్‌లో దిగి నొక్కే భాగం) కిందికి బాగానే దిగుతోంది, పైకి మాత్రం రావడం లేదు. ఒకోసారి వస్తుంది, మళ్లీ మొరాయిస్తుంది. కనెక్టర్ మీద లైటు చక్కగా వెలుగుతోంది. కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్ పెడితే పూర్తి 24 వోల్టులు. కరెంటు వైపు ఏ లోపమూ లేదని అందరూ తేల్చేశారు. సిలిండర్ సీల్ పోయిందని ఒకరు, స్పూల్ పట్టేసిందని ఒకరు. సిలిండర్ విప్పడానికి సామాను కూడా తెచ్చేశారు.

అందర్నీ దూరంగా నిలబెట్టి, మొద్దు కొసున్న సన్నటి కడ్డీతో పైకి తీసే వైపు పిన్ను నొక్కాను. రామ్ హాయిగా, పూర్తి వేగంతో పైకి వచ్చేసింది. వదిలి మళ్లీ నొక్కాను, మళ్లీ వచ్చింది. పంపు బాగుంది, సీల్ బాగుంది, స్పూల్ జారుతోంది. మిగిలింది కరెంటే.

ఈసారి కనెక్టర్‌ని కాయిల్‌కి తగిలించి, లోడ్ మీద, అంటే కాయిల్ కరెంటు లాగుతుండగానే వోల్టేజీ కొలిచాం. 14 దగ్గర ఆడుతోంది. కనెక్టర్‌లో వైరు బిగించే స్క్రూ అదురుకి వదులై, వైరు కొస నల్లబడింది. లైటుకి కొద్ది మిల్లీయాంపులు చాలు కాబట్టి అది వెలిగింది. కాయిల్‌కి ఆంపియర్ పైనే కావాలి. అంత కరెంటు లాగబోయేసరికి దాదాపు పది వోల్టులు ఆ పాడైన జాయింటు దగ్గరే పడిపోతున్నాయి. కరెంటు సగమైతే కాయిల్ లాగే బలం దాదాపు పావు వంతుకి పడిపోతుంది, స్ప్రింగుని నెట్టడానికి అది చాలదు. వైరు కొస కత్తిరించి కొత్తగా బిగిస్తే సరిపోయింది. సిలిండర్ జోలికి వెళ్లలేదు, ఒక్క పైపు విప్పలేదు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అయితే తర్వాతి కాలంలో ఇంకొన్ని సంగతులు తెలిశాయి. చాలాసేపు ప్రెజర్ మీద ఒకే చోట నిలబడితే స్పూల్ పట్టేయడం మొదలైంది. స్పూల్‌కీ బాడీకీ మధ్య సందు కొన్ని మైక్రాన్లే, ఆయిల్‌లోని సన్నటి మురికి అందులో చేరి బిగిస్తుంది. పిన్ను గట్టిగా నొక్కితే స్పూల్ వదులవుతుంది, మెషిన్ నడుస్తుంది. దాంతో షిఫ్టులో ఉన్నవాళ్లకి అది రోజువారీ మందైపోయింది. ఫిల్టర్ మార్చి, ఆయిల్ శుభ్రం చేయించేదాకా ఆ జబ్బు పోలేదు. ఏసీ కాయిలైతే ఈపాటికి కాలిపోయేది. స్పూల్ మధ్యలో ఆగితే ఏసీ కాయిల్‌లో కరెంటు తగ్గదు, అది వేడెక్కిపోతుంది. డీసీకి ఆ బాధ లేదు.

ఆయిల్ తిరిగి ట్యాంకుకి వెళ్లే ట్యాంక్ లైన్‌లో ప్రెజర్ ఎక్కువుంటే పిన్ను లోపలికి పోవడమే కష్టం, ఎందుకంటే ఆర్మేచర్ చుట్టూ ఉన్నది ఆ ఆయిలే. ఇంకో సంగతి, సేఫ్టీ ఇంటర్‌లాకులు (తలుపు తెరిస్తే మెషిన్‌ని కదలనివ్వని ఏర్పాట్లు) వేటితోనూ పిన్నుకి సంబంధం లేదు. తలుపు తెరిచున్నా సరే, నొక్కితే రామ్ కదిలి తీరుతుంది. అందుకే మా దగ్గర ఇప్పుడు మెయింటెనెన్స్ వాళ్లు తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోరు.

మా వాల్వ్ చిన్నది, చేతికందే ఎత్తులో ఉంది, స్పూల్‌ని కాయిల్ నేరుగా నెడుతుంది కాబట్టి నాకు ఇంత బాగా అక్కరకొచ్చింది. చిన్న వాల్వ్ పంపే ఆయిల్ ప్రెజర్‌తో పెద్ద స్పూల్ కదిలే పైలట్ వాల్వ్‌లలో పిన్ను కదిపేది పైనున్న చిన్న వాల్వ్‌నే. పైలట్ ప్రెజర్ లేకపోతే ఎంత నొక్కినా పెద్ద స్పూల్ కదలదు. అలాంటి మెషిన్ ఉన్నవాళ్లకి నా మాట పూర్తిగా వర్తించదు. మా ప్రెస్‌కి మాత్రం మళ్లీ ఈ రకమే తీసుకుంటాను, కాకపోతే పిన్ను మీద మూత ఉండేది అడుగుతాను.