ఆబగా తినే పిల్లికి ఏది మేలు? స్లో ఫీడరా, పొంగనాల పెనమా, చిన్న చిన్న పూటలా?

మా చుక్క గిన్నెలో తల పెట్టిందంటే ఖాళీ అయ్యేదాకా ఎత్తదు. ముప్పై గ్రాముల డ్రై ఫుడ్ నిమిషంలోపు అయిపోయేది. పది నిమిషాలు గడిచేసరికి గుమ్మం దగ్గరి పట్టా మీద గళక్‌మని చప్పుడు. వెళ్ళి చూస్తే నమలని గింజలు గింజలుగానే, తడిసి ఉబ్బి, వేలెడు పొడవున గొట్టంలా పడి ఉండేవి. గుడ్డ తెచ్చి తుడిచేలోపు దాన్నే మళ్ళీ తినబోయేది. చూస్తే ప్రాణం ఉసూరుమనేది.

చికెన్ సెంటర్ పక్క సందులో పుట్టింది అది. అక్కడ కుక్కలు, కాకులు, పెద్ద పిల్లులు అన్నీ ఉంటాయి. ఎవరూ లాక్కోకముందే మింగిందే దాని వాటా. మూడు నెలల వయసులో మా ఇంటికి వచ్చింది, ఆ భయాన్ని కూడా వెంట తెచ్చుకుంది. అప్పటికే ఇంట్లో ఒక గండుపిల్లి ఉంది. ఏడాది పాటు రకరకాలుగా ప్రయత్నించాం. ఏది ఎవరికి పనికొస్తుందో నాకు తెలిసినంతలో చెబుతాను.

మొదట మీ పిల్లి కక్కేది ఏ రకమో గమనించండి. తిన్న కాసేపటికే, కడుపు ఎగదన్నకుండా, ఆహారం తిన్నది తిన్నట్టే బయటికి వస్తే చాలాసార్లు అది ఆత్రం వల్లే. పొట్ట అదిరిపోతూ, ఓకరిస్తూ, నురగో పసుపు నీళ్ళో కక్కుతుంటే అది అసలైన వాంతి. దానికి కారణం వేరే ఉంటుంది. బాగా తింటున్నా బరువు తగ్గుతోందా, నీళ్ళు విపరీతంగా తాగుతోందా, పదేళ్ళు దాటిన పిల్లికి ఉన్నట్టుండి ఆకలి పెరిగిందా? అప్పుడు గిన్నెలు మారుస్తూ కూర్చోకండి. థైరాయిడ్, షుగర్ లాంటివి పిల్లులకూ వస్తాయి, రక్తపరీక్షలో తెలుస్తాయి. చిన్న పిల్లయితే నులిపురుగుల మందు వేయించారో లేదో చూసుకోండి. చుక్కను కూడా ముందు డాక్టరుకే చూపించాం. పురుగుల మందు వేశాక పొట్ట ఉబ్బు తగ్గింది, వేగం మాత్రం తగ్గలేదు.

దాని వేగం వెనక ఒక లెక్క ఉంది. వేటాడి బతికే పిల్లి రోజుకు చాలాసార్లు కొంచెం కొంచెం తింటుంది. ఒక చిట్టెలుకలో ఉండేది దాదాపు 30 కేలరీలు. నాలుగు కిలోల పిల్లికి రోజు మొత్తానికి 200 నుంచి 250 కేలరీలు కావాలి. అంటే ఏడెనిమిది ఎలుకలు, వాటి మధ్య గంటల తరబడి విరామం. మనమేమో అదంతా ఉదయం సగం, రాత్రి సగం కుమ్మరిస్తాం. పైగా డ్రై ఫుడ్ తడి తగిలితే ఉబ్బుతుంది.

ఇక గిన్నెల సంగతి. మొదట కొన్నది స్లో ఫీడర్. లోపల మెలికలు మెలికలుగా గోడలుండే ప్లాస్టిక్ గిన్నె. నిమిషం పట్టే తిండికి మూడు నిమిషాలు పట్టింది. పర్వాలేదు అనిపించింది కానీ, దుకాణాల్లో దొరికేవి ఎక్కువగా కుక్కల కోసం చేసినవి. గోడలు ఎత్తుగా, సందులు లోతుగా ఉంటాయి. కుక్క మూతి పెట్టి నాలుకతో లాక్కుంటుంది, పిల్లి అలా చేయదు. చుక్క రెండో రోజు నుంచే పంజాతో గింజల్ని బయటికి లాగి నేల మీద తినడం మొదలుపెట్టింది. పర్షియన్ లాంటి చప్పిడి ముఖం పిల్లులకైతే ఇది అసలే వద్దు, మూతి అందక విసుగొచ్చి వదిలేస్తాయి. కొనాలనుకుంటే గోడలు వేలి వెడల్పు కంటే ఎత్తు లేనిది, సిరామిక్‌ది చూసుకోండి. ప్లాస్టిక్ మీద గీతలు పడితే జిడ్డు పట్టి ఒక పట్టాన వదలదు.

స్లో ఫీడర్ కంటే మాకు బాగా పనికొచ్చింది వంటింట్లో మూలన పడి ఉన్న గుంత పొంగనాల పెనం. మా అత్తగారి సలహా అది. పన్నెండు గుంతలు, గుంతకు నాలుగైదు గింజలు. పెనం బరువు కాబట్టి ఎంత తోసినా కదలదు, బోర్లాపడదు. గుంత లోతు తక్కువ కాబట్టి మీసాలకు ఏమీ అడ్డురాదు. ఒక గుంత నాకేసి, తల ఎత్తి, పక్క గుంతకు జరగాలి. ఆ తల ఎత్తడమే మనకు కావలసింది. ఐదు నిమిషాలు పట్టేది. ఇడ్లీ ప్లేటుతోనూ చేసి చూశాం. అది తేలిక, అడుగున గుంతలు ఉబ్బెత్తుగా ఉండి ఊగుతుంది. కింద మడతపెట్టిన గుడ్డ వేస్తే నిలబడుతుంది గానీ, చిల్లులున్న ప్లేటైతే వెట్ ఫుడ్ పౌచ్‌లోని గ్రేవీ అంతా కారిపోతుంది. పెనమైనా ప్లేటైనా పిల్లికంటూ ఒకటి విడిగా పెట్టేయండి. నాన్‌స్టిక్ పూత లేచిపోయినది మాత్రం వాడొద్దు.

ఖర్చే వద్దనుకుంటే మామూలు వెడల్పాటి స్టీలు పళ్ళెం చాలు. గింజలు కుప్పగా పోయకుండా పరిచేయండి. కుప్పలో అయితే ఒక్క నోటికి పది గింజలు వస్తాయి, పరిస్తే ఒకటో రెండో. పళ్ళెం మధ్యలో పిల్లి నోట్లో పట్టనంత నున్నని రాయి కడిగి పెట్టినా దాని చుట్టూ తిరుగుతూ తింటుంది.

ఇంటి లోపలే ఉండే అపార్ట్‌మెంట్ పిల్లులకు తిండి బాటిల్ మంచిది. అర లీటరు నీళ్ళ బాటిల్‌కు గింజ కంటే కాస్త పెద్దవిగా రెండు మూడు రంధ్రాలు చేసి, అంచులు గరుకు లేకుండా చూసుకుని, పూట తిండి అందులో పోసి నేల మీద వదలాలి. దొర్లించిన కొద్దీ ఒక్కో గింజ రాలుతుంది. వేగం తగ్గించడంలో దీన్ని కొట్టేది లేదు, పావుగంట పైనే పట్టేది. ఆటా అయింది, తిండీ అయింది. అయితే ఒక్కసారిగా దీనికి మార్చకండి. అర్థం కాక కొన్ని పిల్లులు తిండే మానేస్తాయి. పిల్లి, అందులోనూ లావుగా ఉన్న పిల్లి, రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదకు వస్తుంది. మొదట్లో సగం తిండి పళ్ళెంలో, సగం బాటిల్‌లో పెట్టండి.

బాటిల్‌తో మన ఇళ్ళలో వచ్చే అసలు చిక్కు చీమలు. ఫ్రిజ్ కిందకు దొర్లిన నాలుగు గింజలకు తెల్లారేసరికి బారులు తీరతాయి. తినడం అవగానే ఊడ్చేయాలి. పళ్ళెం అయితే ఇంకో వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి మధ్యలో పెట్టొచ్చు. పిల్లి తినే చోట చీమల చాక్‌పీసు మాత్రం గీయకండి. వాటిలో వాడే పైరెథ్రాయిడ్ మందులను పిల్లి కాలేయం మనలా విరగ్గొట్టలేదు. కాళ్ళకంటిన పొడిని నాక్కుంటే వణుకు, ఫిట్స్ దాకా రావచ్చు.

ఇన్ని చెప్పినా, ఒక్కటే చేయగలం అనుకునేవాళ్ళకు నా మాట చిన్న చిన్న పూటలే. గిన్నె ఎంత మెలికలు తిరిగినా లోపల ముప్పై గ్రాములు ఉంటే ముప్పై గ్రాములూ ఒకేసారి పొట్టలోకి పోతాయి. డ్రై ఫుడ్‌లో 100 గ్రాములకు సుమారు 350 నుంచి 400 కేలరీలు ఉంటాయి కాబట్టి నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు అరవై గ్రాములు సరిపోతుంది. దాన్ని ఉదయాన్నే తూచి డబ్బాలో వేసి, నాలుగైదు పూటలుగా పంచండి. పన్నెండు గ్రాములు ఎంత ఆబగా మింగినా వెనక్కి రావడం మా ఇంట్లో చాలా అరుదైపోయింది. పూటలు పెంచమన్నానని మొత్తం పెంచకండి. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే.

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో ఇది కష్టం. వాళ్ళకు టైమర్ ఉన్న ఆటోమేటిక్ ఫీడర్ పనికొస్తుంది. కరెంటు పోయినా పనిచేసేలా బ్యాటరీ ఉన్నది తీసుకోండి. వానాకాలం గింజలు మెత్తబడి అతుక్కుంటాయి కాబట్టి అందులో వారానికి సరిపడా నింపకండి. తెల్లవారుజామున మొహం మీద పంజా వేసి లేపే పిల్లులు, తిండి పెట్టేది మీరు కాదు ఆ డబ్బా అని అర్థమయ్యాక మీ నిద్ర జోలికి రావు.

వెట్ ఫుడ్ పెట్టేవాళ్ళు రెండు చెంచాల గోరువెచ్చని నీళ్ళు కలిపి పళ్ళేనికి చెంచా వెనకవైపుతో పలచగా రాసేయండి. నాకి నాకి తినాలి, నీళ్ళూ పొట్టలోకి పోతాయి. ఇంట్లో ఉడికించిన చికెన్ అయితే ఎముకలు తీసి పీచులుగా విడదీసి అలాగే పరచండి. ఉల్లి, వెల్లుల్లి తగలనివ్వకండి.

రెండు పిల్లులున్న ఇంట్లో మాత్రం గిన్నె కంటే ముందు చోటు మార్చాలి. మాకు ఇది తెలియడానికి నెలలు పట్టింది. గండుపిల్లి ఎప్పుడూ చుక్క తిండి ముట్టలేదు, అందుకే అనుమానం రాలేదు. ఒకరోజు నేల మీద కూర్చుని చూశాను. అది గిన్నెకు రెండు మూరల దూరంలో ఊరికే పడుకుని చూస్తోంది. చుక్క చెవులు వెనక్కి అంటుకుని, ఒక్కో గుటకకూ కళ్ళు అటు తిప్పుతోంది. మర్నాటి నుంచి చుక్క పెనం పడకగదిలోకి మార్చి తలుపు వేశాం. మొదటి వారం వేగం అలాగే ఉంది. రెండో వారంలో చెవులు నిటారుగా వచ్చాయి. నెల దాటాక ఒక సాయంత్రం తలుపు తీస్తే చుక్క మంచం కింద పంజా నాక్కుంటూ కూర్చుంది. పెనంలో మూడు గుంతల్లో గింజలు ఇంకా అలాగే ఉన్నాయి.