సయాటికాకి నేను వాడినవన్నీ: బెల్టు, బిళ్లలు, టెన్స్ మిషన్, ఇంజెక్షన్, వ్యాయామం

నేను డాక్టర్ని కాదు, హైస్కూల్ టీచర్ని. సయాటికా అంటే నడుం దగ్గర నరం నొక్కుకుపోయి కాల్లోకి పాకే నొప్పి. నాకు నడుం కింది భాగంలో ఎల్4-ఎల్5 అనే వెన్నుపూసల మధ్య డిస్క్ బల్జ్ (వాటి మధ్య మెత్తలా ఉండే డిస్క్ బయటికి ఉబ్బడం), కుడి పిర్ర నుంచి పిక్క దాకా లాగుడు, కాసేపు కూర్చుంటే పాదంలో తిమ్మిరి. మూడు నెలలు దాటిన నొప్పిని క్రానిక్ అంటారు, నాది అది దాటి చాలా ఏళ్లయింది. పదికి ఎంత నొప్పి అని డాక్టర్లు అడిగితే నాకు ఇప్పటికీ చెప్పడం రాదు. అందుకే నా కొలత వేరు: అది వాడాక బస్సులో స్కూలుకి వెళ్లి, పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి వంట చేసుకోగలిగానా లేదా.

అందరూ మొదట కొనేది నడుం బెల్టు. దూరప్రయాణాల్లో కాస్త ధైర్యంగా ఉంటుంది, రోజూ కట్టుకుంటే మాత్రం మన ఎండలకి చెమటకాయలు తప్ప నాకు ఒరిగిందేమీ లేదు. డబ్ల్యూహెచ్‌ఓ 2023 డిసెంబర్‌లో దీర్ఘకాలిక నడుము నొప్పి మీద ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ బెల్టులు, ట్రాక్షన్ (బరువులతోనో మిషన్‌తోనో నడుముని లాగిపట్టే చికిత్స) మామూలుగా వాడొద్దనే ఉంది. మా ఊళ్లో ట్రాక్షన్ కోసం ఇప్పటికీ క్యూ కడతారు, అది వేరే సంగతి.

పెయిన్ కిల్లర్స్ పనిచేస్తాయి, కాదనను. నొప్పి ఎగసినప్పుడు డాక్టర్ చెప్పినట్టు మూడు నాలుగు రోజులు, అన్నం తిన్నాక వేసుకుంటా, అంతే. నెలల తరబడి మింగితే కడుపు, కిడ్నీలు, బీపీ మూడింటికీ ముప్పే, పైగా మందుల షాపులో చీటీ లేకుండా అడిగినన్ని ఇచ్చేస్తారు. పశువులకి ఇచ్చిన డైక్లోఫెనాక్ అనే పెయిన్ కిల్లర్ వల్ల, వాటి కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు చెడి చచ్చిపోతుంటే 2006లో మన దేశంలో పశువులకి ఆ మందు నిషేధించారు. మనం రాబందులం కాదనుకోండి, అయినా ఆ బిళ్ల చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్ 75 ఎంజీ బిళ్ల రాత్రిపూట వేసుకున్నా. నిద్ర బ్రహ్మాండంగా పట్టింది. కానీ పొద్దున లేస్తే తల తూలడం, బోర్డు మీద రాస్తూ రాస్తూ మాట మర్చిపోవడం, చీలమండల్లో వాపు, బరువు పెరగడం, కాలి లాగుడు మాత్రం ఎక్కడిదక్కడే. తర్వాత చదివితే తెలిసింది, 2017లో ఆస్ట్రేలియాలో 209 మంది సయాటికా వాళ్ల మీద జరిగిన ట్రయల్‌లో ఇది ఉత్తుత్తి బిళ్లకన్నా మెరుగ్గా పనిచేయలేదట, కళ్లు తిరగడం మాత్రం ఎక్కువైందట. అలాగని చెత్త మందేం కాదు, షుగర్ వల్ల అరికాళ్ల మంటలతో నిద్రలేని మా వదినకి ఇదే ప్రాణం పోసింది. ఆపాలనుకుంటే డాక్టర్‌తో మాట్లాడి మెల్లగా తగ్గించుకుంటూ రండి, ఉన్నట్టుండి మానేయకూడదు.

ఇక టెన్స్ మిషన్, అంటే చర్మం మీద అంటించిన ప్యాడ్లలోంచి సన్నగా కరెంటు పంపేది. రెండు వైర్లు, నాలుగు ప్యాడ్లు, జేబులో పట్టే డబ్బా. మోచేతికి దెబ్బ తగిలితే గబగబా రుద్దుకుంటాం కదా, ఆ స్పర్శ వెన్నుపాములో నొప్పి సంకేతాన్ని అడ్డుకుంటుందని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు చెప్పారు, ఈ మిషన్ ఆ ఊహ మీద నడుస్తుంది. నడుం మీద రెండు, పిర్ర మీద రెండు పెట్టి, 80-100 హెర్ట్జ్ మధ్య, గట్టిగా జుమ్మనేలా కానీ నొప్పి పుట్టకుండా, ఓ అరగంట. ఆన్‌లో ఉన్నంతసేపు హాయి, తీశాక గంటో గంటన్నరో. ఆ గంటలో నా వంట అయిపోతుంది. పైన చెప్పిన డబ్ల్యూహెచ్‌ఓ మార్గదర్శకాల్లో టెన్స్ కూడా వద్దన్నవాటిలోనే ఉంది, తెలిసే వాడుతున్నా, ఎందుకంటే బిళ్లలాగా కడుపు పాడుచేయదు. చిరాకల్లా ప్యాడ్లతోనే: ఒంటికి నూనె ఉంటే అంటుకోవు, చెమటకి ఊడతాయి, కొన్ని వారాలకే జిగురు పోతుంది, మళ్లీ కొనాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. మెడ ముందుభాగంలో, స్పర్శ లేనిచోట పెట్టకూడదు. గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా వాడొద్దు.

ఆయుర్వేదంలో కటివస్తి కూడా చేయించుకున్నా, మినప్పిండి కట్ట కట్టి నడుం మీద గోరువెచ్చని నూనె పోస్తారు. సుఖంగా ఉంటుంది, సాయంత్రానికి మళ్లీ మామూలే.

ఒక పెద్దాసుపత్రిలో ఎంఆర్ఐ చూడగానే ఆపరేషన్ డేట్ ఇవ్వబోయారు. కానీ నొప్పే లేనివాళ్లకి స్కాన్ తీసినా నలభైల్లో సగం మందికి డిస్క్ బల్జ్ కనిపిస్తుందని 2015లో వచ్చిన ఒక సమీక్ష చెప్పింది. ఇంకో డాక్టర్ ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ ఇంజెక్షన్ (వెన్నులో నరాల చుట్టూ వాపు తగ్గించే మందు ఎక్కించడం) ఇచ్చారు. ఒక వేసవి గడిచింది దాంతో, తర్వాత నొప్పి తిరిగొచ్చింది, కానీ ఆ వేసవి సెలవుల్లోనే ఫిజియో నేర్పిన వ్యాయామాలు అలవాటయ్యాయి. బోర్లా పడుకుని చేతుల మీద ఛాతీ లేపడం, వెల్లకిలా పడుకుని నడుం ఎత్తడం, రెండుపూటలా నడక. మొదటి నెల నొప్పి పెరిగినట్టే అనిపించింది, చాలామంది అక్కడే మానేస్తారు. నాకు బస్సులో కూర్చోగలిగే శక్తి వచ్చింది వీటివల్లే, అదీ పైసా ఖర్చు లేకుండా. ఇప్పుడు ముగ్గు కూడా వేస్తున్నా, చిన్నదే, మధ్యలో ఒకసారి లేచి.

ఇదంతా మామూలు లాగుడు నొప్పి ఉన్నవాళ్లకి. పాదం పైకి లేవకపోయినా, మూత్రం, మలం మీద పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా ఇలాంటి రివ్యూలు చదువుతూ కూర్చోకండి, ఆ రాత్రికి రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లండి.