ఎస్‌టీఎం32ఎఫ్407 స్టార్టప్ ఫైలు మార్చి వాడాక

మెయిన్ ఫంక్షన్‌కి ముందు ఏం జరుగుతుందో పట్టించుకోకుండానే చాలా ప్రాజెక్టులు గట్టెక్కిపోతాయి. ర్యామ్ చాలనప్పుడు గానీ నేనూ స్టార్టప్ ఫైలు, అంటే రీసెట్ కాగానే మెయిన్ కంటే ముందు నడిచే అసెంబ్లీ కోడ్, తెరవలేదు. ఎస్‌టీఎం32ఎఫ్407 అనే ఈ మైక్రోకంట్రోలర్ చిప్‌లో 192 కేబీ ర్యామ్ ఉందన్న మాట నిజమే. కానీ అందులో 64 కేబీ సీసీఎమ్ (ప్రాసెసర్ కోర్‌కే నేరుగా కలిపిన ర్యామ్) పేరుతో విడిగా, హెక్స్ 10000000 అడ్రస్ దగ్గర ఉంటుంది. మామూలుగా మన వేరియబుల్స్ అన్నీ మిగతా 128 కేబీలోనే ఇరుక్కుంటాయి.

ఏ మెమరీ భాగంలో ఉండాలో కంపైలర్‌కి చెప్పే సెక్షన్ యాట్రిబ్యూట్ తగిలిస్తే వేరియబుల్ సీసీఎమ్‌లోకి వెళ్తుంది, దాని తొలి విలువ మాత్రం వెళ్లదు. ఫ్లాష్ నుంచి ర్యామ్‌కి డేటా కాపీ చేసేది స్టార్టప్ ఫైల్లో మొదట నడిచే రీసెట్ హ్యాండ్లర్. దానికి సీసీఎమ్ ఊసే తెలియదు. అందులో ఉన్న కాపీ లూప్‌నే చూసి అలాంటిదే ఇంకొకటి, సున్నాలు నింపడానికి మరొకటి రాసి, ఏది ఏ అడ్రస్‌లో ఉండాలో చెప్పే లింకర్ స్క్రిప్టులో వాటికి కావలసిన సింబల్స్ (అడ్రస్‌ల పేర్లు) పెట్టాను. అంతే పని. ఫిల్టర్ టేబుల్స్, టాస్కుల స్టాకులు అటు వెళ్లిపోయాయి. ఏడీసీ (అనలాగ్ సిగ్నల్‌ను అంకెలుగా మార్చే భాగం) బఫర్లు మాత్రం పాత చోటే ఉంచాలి, వాటిని ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నింపే డీఎమ్‌ఏకి సీసీఎమ్ అందదు.

బూట్ ఆలస్యమవుతుందని కొందరు భయపడతారు. రీసెట్ కాగానే చిప్ 16 మెగాహెర్ట్జ్‌లో నడుస్తున్నా, 128 కేబీ మొత్తం సున్నా చేయడానికి పట్టేది పది పదిహేను మిల్లీసెకన్లే.

నా దృష్టిలో అసలు లాభం ర్యామ్ కాదు, నోఇనిట్ సెక్షన్. స్టార్టప్ కోడ్ ముట్టుకోని చిన్న ర్యామ్ ముక్క అది. కరెంటు పోతే పోతుంది గానీ వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ ఇరుక్కుంటే చిప్‌ను రీసెట్ చేసే టైమర్) రీసెట్‌కీ సాఫ్ట్‌వేర్ రీసెట్‌కీ చెక్కుచెదరదు. సొంత ఫంక్షన్ లేని ఇంటరప్ట్‌లన్నీ వెళ్లే డిఫాల్ట్ హ్యాండ్లర్ మామూలుగా అంతులేని లూప్‌లో కూర్చుంటుంది. దాన్ని మార్చి ఐపీఎస్‌ఆర్ (ఏ ఇంటరప్ట్ నడుస్తోందో చెప్పే రిజిస్టర్) విలువ, స్టాక్ మీద 24వ బైటు దగ్గర దొరికే పీసీ (ఆగిన చోటి కోడ్ అడ్రస్), ఈ సమాచారం నిజమైనదేనని గుర్తించడానికి ఒక మ్యాజిక్ నంబరు నోఇనిట్‌లో రాసి రీసెట్ చేయిస్తున్నాను. ఐపీఎస్‌ఆర్‌లో 3 ఉంటే హార్డ్‌ఫాల్ట్ (కోడ్ తీవ్రంగా తప్పినప్పుడు ప్రాసెసర్ వేసే ఎక్సెప్షన్), 16 నుంచి పైన పెరిఫెరల్ ఇంటరప్ట్‌లు. పొలం గట్టు మీద బోరు మోటారు పెట్టెలో ఉన్న బోర్డుకి డీబగ్గర్ ఎవరు తగిలిస్తారు? ఇప్పుడు తిరిగి లేవగానే అదే చెబుతుంది, ఎక్కడ పడిందో. క్యూబ్ (ఈ చిప్‌లకు కోడ్ తయారుచేసిచ్చే ఎస్‌టీ సంస్థ టూల్) రాసిచ్చే ఇంటరప్ట్ ఫైల్లో హార్డ్‌ఫాల్ట్‌కి వేరే హ్యాండ్లర్ ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి కూడా ఈ కోడ్‌కే దారి మళ్లించాలి.

ఇక చిరాకులు. ఈ ఫైలు ఎక్స్‌టెన్షన్ చిన్న ఎస్. విడిగా ఆప్షన్ ఇస్తే తప్ప జీసీసీ కంపైలర్ దాన్ని ప్రీప్రాసెసర్‌కి పంపదు. అందులో #ఇఫ్‌డెఫ్ రాస్తే అసెంబ్లర్ ఆ లైనును కామెంట్ అనుకుని వదిలేస్తుంది, ఎర్రర్ ఉండదు, రెండు వైపుల కోడూ బిల్డ్‌లోకి వచ్చేస్తుంది. పెద్ద ఎస్ పెట్టుకోవాలి. ఇంటరప్ట్ పేర్లు వీక్ కావడం, అంటే అదే పేరుతో మన ఫంక్షన్ లేకపోతే డిఫాల్ట్‌తో సరిపెట్టుకోవడం, ఇంకో గొడవ. పేరులో ఒక్క అక్షరం తప్పినా, సీప్లస్‌ప్లస్ ఫైల్లో పేరు మారకుండా కాపాడే ఎక్స్‌టర్న్ సీ మర్చిపోయినా కంపైలర్ నోరు మెదపదు. ఇంటరప్ట్ పోయి డిఫాల్ట్ హ్యాండ్లర్‌లో పడుతుంది.

చిప్‌ను తొలిగా సిద్ధం చేసే సిస్టమ్‌ఇనిట్ ఫంక్షన్ కాల్ స్టార్టప్ ఫైలు కొన్ని వెర్షన్లలో డేటా కాపీకి ముందు, కొన్నిటిలో తర్వాత ఉంటుంది. ముందున్న వెర్షన్‌లో అక్కడ గ్లోబల్ వేరియబుల్‌కి విలువ ఇస్తే, ఆ వెంటనే కాపీ లూప్ దాన్ని తుడిచేస్తుంది.

రీసెట్ హ్యాండ్లర్ మొత్తాన్ని సీలో రాసి చూశాను. చదవడానికి హాయిగా ఉంది. కానీ ఆప్టిమైజేషన్ పెంచితే జీసీసీ ఆ లూపుల్ని మెమ్‌కాపీ, మెమ్‌సెట్ కాల్స్‌గా మార్చేస్తుంది. ర్యామ్ ఇంకా సిద్ధం కాని చోట లైబ్రరీ కోడ్ నడవడం నాకు నచ్చలేదు, అసెంబ్లీకే తిరిగొచ్చాను.

మార్చిన స్టార్టప్ ఫైలును వేరే పేరుతో దాచుకుని, అసలుదాన్ని బిల్డ్ నుంచి తీసేయడం మేలు. క్యూబ్ తన సీ ఫైళ్లలో మనకిచ్చే యూజర్ కోడ్ బ్లాకులు ఇందులో ఉండవు. ఎస్‌టీఎం32 హెచ్7 చిప్‌లకు మాత్రం ఈ నోఇనిట్ చిట్కాను యథాతథంగా తీసుకెళ్లకండి. అక్కడి ర్యామ్‌కి ఈసీసీ (మెమరీ తప్పుల్ని సరిదిద్దే ఏర్పాటు) ఉంది, రీసెట్‌కి సరిగ్గా ముందు రాసిన చివరి పదం పోయే అవకాశం ఉంది.